ఎనాక్యోను ‘లోయ’ అని చెప్పి చుట్టాలను తీసుకెళ్ళొచ్చా? అది రిజర్వాయరే కదా!

నగోయా తమ్ముడు

అందరికీ నమస్తే. నగోయా వచ్చి నాలుగేళ్ళయింది. పోయిన నవంబరులో అమ్మానాన్న వస్తే, ఇక్కడి తెలుగువాళ్ళంతా చెప్పినట్టే ఎనాక్యో తీసుకెళ్ళాను. చూవో లైన్లో ర్యాపిడ్ రైలెక్కితే గంట చిల్లర, ఎనా స్టేషన్ దగ్గర బస్సెక్కితే పావుగంట. “కిసో నది కొండల్ని కోసుకుంటూ పోయే లోయ నాన్నా, మన పాపికొండల్లా ఉంటుంది” అని ముందు రోజు రాత్రి నుంచే ఊదరగొట్టాను.

నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పడవలో అరగంటసేపు అందరూ ఎర్రటి ఆకుల్నీ రాళ్ళనీ ఫోటోలు తీస్తుంటే ఆయన నీటి అంచునే చూస్తూ కూర్చున్నారు. దిగాక రేవు చివర నిలబడి కింద పడున్న మేపుల్ ఆకొకటి తీసి నీళ్ళలో వేశారు. అది రెండు నిమిషాలు అక్కడక్కడే తిరిగి, మళ్ళీ ఒడ్డుకే వచ్చి ఆనుకుంది. “ఇది ఏరు కాదురా. కట్టెక్కడ?” అన్నారు.

ఫోన్లో వెతికి “ఓయి” అన్నాను. “ఎవర్ని పిలుస్తున్నావ్?” అన్నారు. ఆనకట్ట పేరే అది నాన్నా, ఓయి డ్యామ్. 1924లో కట్టారు, ఎత్తు 53.4 మీటర్లు. అంటే మేం పడవలోంచి చూసి మురిసిపోయినవి లోయ పై అంచులు మాత్రమే. అడుగున ఉన్న అసలు ఏరు మునిగి నూరేళ్ళయింది.

ఆయనకి కోపమేం రాలేదు, నాకే మొహం చెల్లలేదు. అందుకే అడుగుతున్నా: కొత్తగా వచ్చినవాళ్ళకు దీన్ని “లోయ” అని చెప్పడం మానేద్దామా? నామట్టుకు మానేయాలి. నిజమైన లోయ చూడాలంటే వేరే చోటికి వెళ్ళాలి, ఇక్కడికైతే “చెరువు పక్కన పార్కు” అని చెప్పి తీసుకెళ్ళాలి.

క్యూషూ అక్క

తమ్ముడూ, లోయంటే తకచిహో. అసో అగ్నిపర్వతం కక్కిన బూడిదా రాయీ గట్టిపడితే గొకసే నది దాన్ని నిలువునా కోసేసింది. రెండు పక్కలా రాతి స్తంభాలు పేర్చినట్టుంటాయి, మధ్యలో 17 మీటర్ల మనాయ్ జలపాతం. ఎవరి పడవ వాళ్ళే తెడ్డేసుకోవాలి. మావారు గోడకు నాలుగుసార్లు గుద్దారు, ఐదోసారి జలపాతం కిందికే తీసుకెళ్ళి నన్ను తడిపారు. అయినా సరే, ఇంకోసారి వెళ్దామంటే ఇప్పుడే బయల్దేరతాను.

కరీంనగర్ పిలగాడు

అన్నా, గట్లంటే నాగార్జునసాగర్ల లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయేటోళ్ళంత మోసపోయినట్టేనా? అది ఒకప్పుడు కొండ, నీళ్ళొచ్చినంక దీవి అయింది. కింద లోయల తవ్వి తీసినయన్నీ తెచ్చి పైన పెట్టిన్రు. మనం చిన్నప్పుడు ఎస్కర్షన్‌కు పోయి ‘కొండ’ చూసొచ్చినం అనే చెప్పుకున్నం గద. మీ నాయినకు ఇరిగేషన్ కండ్లున్నయి కాబట్టి దొరికిపోయినవ్. మా నాయినైతే ఫోటోలు దిగి ఊరంత పంపుతుండె.

సోమరి సివిల్

తమ్ముడూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. ఆకు వేసి చూడటం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నేను ఆ నదిమీదున్న ఆనకట్టలన్నీ సెలవురోజుల్లో తిరిగి చూసినవాణ్ణి (పెళ్ళి కాలేదు, అడగొద్దు). నీది తప్పు ఫిర్యాదు అంటాను. ఎనాక్యోలో చూడాల్సింది ముందు ఆనకట్టే, మిగతాదంతా తర్వాత.

కట్టించింది ఫుకుజావా మొమొసుకే. మొన్న 2024 దాకా పదివేల యెన్ల నోటు మీదున్న ఫుకుజావా యుకిచి దత్తత తీసుకుని పిల్లనిచ్చిన అల్లుడు. పని సగంలో ఉండగా 1923 సెప్టెంబరు 1న కాంటో భూకంపం వచ్చి టోక్యో తగలబడింది, దేశంలో అప్పు పుట్టడం గగనమైంది. ఈయన అమెరికా వెళ్ళి బాండ్లు అమ్మి డాలర్లు తెచ్చి పని నిలబెట్టాడు. ఆ రోజుల్లో జపాన్‌లో ఏ ఆనకట్టా 50 మీటర్లు దాటలేదు. కిసో వరదలు తెలిసినవాడెవడూ ఆ ఏటికి అడ్డం కాంక్రీటు పోయడానికి ఒప్పుకోడు.

పారిస్ దాకా వెళ్ళి నాటకాలాడొచ్చిన నటి సదయాక్కో ఆయన వెంటే ఉండేది. పని జరిగే చోట తీగకు వేలాడే గంపలో కూర్చుని ఆయనతోపాటు లోయ అడుక్కి దిగిందని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకో తమాషా. ఈ నీళ్ళు గిఫులో ఉన్నాయి, దగ్గరి పట్నం నగోయా. కానీ ఓయి విద్యుత్కేంద్రం కాన్సాయ్ ఎలక్ట్రిక్‌ది, అంటే ఒసాకా వైపు కరెంటు కంపెనీది. మన ఇళ్ళకి బిల్లు పంపేది చూబు వాళ్ళు. మొమొసుకే కంపెనీ ఆ రోజుల్లోనే ఒసాకా వైపు తీగలు లాగింది, అదే ఇప్పటికీ నడుస్తోంది.

ఇక ‘లోయ’ అన్న మాట సంగతి. ఎనాక్యో అని పేరు పెట్టింది షిగా షిగెతకా అనే భూగోళ శాస్త్రవేత్త, అదీ ఆనకట్ట పూర్తికాకముందే. కాబట్టి అబద్ధమేమీ లేదు. అంతగా అయితే కురొబె లోయకి జనం వెళ్ళే బొమ్మ రైలు ఉంది చూడు, దాన్ని మొదట వేసింది పవర్‌హౌసుల పని కోసం. ఆ ప్రాజెక్టులు లేకపోతే ఆ లోయలోకి మనలాంటివాళ్ళం వెళ్ళే దారే లేదు. ఆనకట్ట తగలని లోయే కావాలంటే ఈ దేశంలో నీకు చూడ్డానికి మిగిలేవి తక్కువ.

గోదారి గట్టు

సివిల్ గారూ, బాగా రాశారండి. కానీ మీరు చెప్పిందే మీకు ఎదురు తిరుగుతోంది. ఆనకట్ట పూర్తికాకముందే పేరు పెట్టారంటే ఆ పేరు ఎవరిదండి? పారే ఏటిది. ఏటిని ముంచేసి, దాని పేరు తీసుకెళ్ళి నిలవ నీళ్ళకి తగిలించారు. జపాన్‌లో మిగతా చోట్ల ఆనకట్ట వెనక నీళ్ళని ‘కో’ అనే పిలుస్తారు, అంటే సరస్సు. ఒకుతమా-కో, సగామి-కో రెండూ రిజర్వాయర్లే. ఇక్కడ మాత్రం ‘క్యో’, అంటే లోయ, అనే ఉంచేసుకున్నారు. తమ్ముడి బాధ అదే కదా.

ఇంకోటి. మీరు డబ్బు సంగతి చెప్పారు, నటి సంగతి చెప్పారు. ఆ ఏటి మీద బతికినవాళ్ళ మాటేది? కిసో హినోకి (జపాన్ సైప్రస్) దుంగలు వందల ఏళ్ళ పాటు ఆ నీళ్ళమీదే దిగొచ్చేవి. తెప్పల మీద నిలబడి వాటిని నడిపినవాళ్ళకి పాటలున్నాయి, పేరుంది. ఏటికి అడ్డం పడేసరికి దుంగలు రైలెక్కాయి, తెప్పలవాళ్ళ పని పోయింది. పడవలోంచి ఇవేవీ కనబడవు కదండి.

నాకెందుకు ఇంత పట్టింపు అంటే, మా మామ్మది దేవీపట్నం మండలం. పోలవరం కాఫర్ డ్యామ్ లేచాక వరదొచ్చిన ప్రతిసారీ నీళ్ళు వెనక్కి తన్నుకొచ్చి ఊళ్ళోకి దూరేవి. చివరికి కాలనీకి మార్చేశారు. కొత్త ఇల్లు, సిమెంటు రోడ్డు, కుళాయి అన్నీ ఉన్నాయి. ఇప్పటికీ మామ్మ “ఆ చీపురు ఏటి వైపు గోడకి ఆనించు” అంటుంది. ఆ కాలనీకి ఏ వైపునా ఏరు లేదు. మేం తూర్పు గోడకి ఆనిస్తాం, ఆవిడ ఊరుకుంటుంది.

రేపు అక్కడ నీళ్ళు నిండాక, లాంచీ టికెట్టు మీద ‘పాపికొండల అందాలు’ అనే రాస్తారు. అప్పుడు కూడా మీరు “ఆనకట్టే అసలు ఆకర్షణ” అంటారాండి?

కరీంనగర్ పిలగాడు

మామ్మ మాట చదివినంక నా కామెంటు వాపస్ తీసుకోను గానీ, జర తగ్గిస్త.

సోమరి సివిల్

దుంగల సంగతి వదిలేయడం నా తప్పే, ఒప్పుకుంటాను. తెలిసి కూడా రాయలేదు. ఆనకట్టల గురించి రాసేటప్పుడు మావాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది: ఎత్తు, పొడవు, ఎన్ని మెగావాట్లు అంటాం, అక్కడితో ఆగిపోతాం.

కానీ మీ చివరి ప్రశ్నకి జవాబు: అంటాను. అందంగా ఉందని కాదు. అక్కడికి వెళ్ళి కేవలం ఎర్రాకులు చూసి వచ్చేవాడికి కింద ఏం మునిగిందో ఎప్పటికీ తెలియదు. కట్ట దాకా నడిచి, ఇటు నిండు నీళ్ళూ అటు బండలు తేలిన ఏరూ రెండూ చూసినవాడికి, ఎవరూ చెప్పకపోయినా ఎంత లోతు మునిగిందో అర్థమవుతుంది. తమ్ముడు వాళ్ళ నాన్నగారిని పడవెక్కించి అక్కడితో వెనక్కి తెచ్చేశాడు. సగమే చూపించాడు, నా ఫిర్యాదు అదే.

గోదారి గట్టు

అలా చూపించండి, ఎవరు కాదన్నారు. “లోయ” అని మాత్రం అనకండి.

బెంటో అమ్మ

మీ మగాళ్ళు మాటల దగ్గరే ఉండిపోయారు. నేను మా అత్తగారినీ, మూడేళ్ళ పిల్లనీ తీసుకుని ఏప్రిల్‌లో వెళ్ళాను. సజనామి పార్కు నీళ్ళ పక్కనే, చెర్రీ చెట్లకింద నడుచుకుంటూ పోవచ్చు. సజనామి అంటే చిరు అలలు అట. నిలవ నీళ్ళకి అంతకంటే నిజాయితీగా ఎవరు పేరు పెడతారు చెప్పండి? ఏరని అనలేదు, అలలనే అన్నారు.

పార్కులో గొడుగు రాయి ఒకటుంది, కాసా-ఇవా అంటారు. గ్రానైటు బండ కింది భాగం అరిగిపోయి పైన టోపీలా మిగిలింది. ప్రభుత్వం దాన్ని సహజ స్మారకంగా గుర్తించింది. మా అత్తగారు చూసి “వానకి లేచిన పుట్టగొడుగులా ఉందే” అని దాని ముందు పది నిమిషాలు కదల్లేదు. దాన్ని ఏ ఆనకట్టా చెయ్యలేదు, ఏ ఆనకట్టా ముంచలేదు. ఇంకా మడత తెర రాయి, యుద్ధ నౌక రాయి అని పడవలోంచి చూపిస్తారు. నాకు నౌక కనబడింది, తెర కొంచెం ఊహించుకోవాలి.

శరదృతువులో వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: కురి-కింతోన్ తినకుండా రాకండి. ఎనా, నకత్సుగావా వైపు దాని పుట్టిల్లు. ఉడికించిన చెస్ట్‌నట్ గుజ్జు, పంచదార, అంతే. గుడ్డలో వేసి పిండి ముడి తిప్పుతారు, పైన ఆ మడతల గుర్తు అలాగే ఉంటుంది. నెయ్యి లేని సున్నుండ అనుకోండి, నాలుక మీద పెట్టగానే పొడిపొడిగా విరిగిపోతుంది. శాకాహారులకి ఇబ్బంది లేదు. గొహే-మొచీ (పుల్లకు గుచ్చి కాల్చే అన్నం ముద్ద) మాత్రం పైన పూసే దాంట్లో ఏముందో అడిగి తినండి.

తకచిహో అక్కా, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని నగోయా నుంచి విమానమెక్కించి, ఆ తర్వాత బస్సెక్కించి, చివర్లో చేతికి తెడ్డు ఇమ్మంటారా?

క్యూషూ అక్క

అత్తగారిని ఒడ్డున కూర్చోబెట్టి మీరు తెడ్డు పట్టండి 😄 సరే, మీరన్నది నిజమే. మా అమ్మ వచ్చినప్పుడు నేనూ తకచిహో తీసుకెళ్ళలేదు.

సోమరి సివిల్

తమ్ముడూ, ఇంతకీ అసలు మనిషి ఏమంటున్నారు? నాన్నగారిని అడిగావా?

నగోయా తమ్ముడు

నిన్న రాత్రి ఫోన్లో మీ అందరివీ చదివి వినిపించాను. దుంగలు, తెప్పలు అన్నచోట “ఊఁ” అన్నారు. మామ్మగారి చీపురు దగ్గర కాసేపు మాట్లాడలేదు. అమ్మ ఫోన్ లాక్కుని ఆ నెయ్యి లేని సున్నుండ ఎందుకు కొనిపెట్టలేదని తిట్టింది, అది వేరే సంగతి.

“మరి లోయ అనొచ్చా నాన్నా?” అని అడిగాను.

“పేరుదేముందిరా. ధవళేశ్వరం దగ్గర గోదారిని ఎవరైనా చెరువంటారా?” అన్నారు. గోదారి గట్టు గారూ, ఇది మీకు నచ్చదని తెలుసు, ఆయనన్నది అన్నట్టు రాస్తున్నా.

తర్వాత సివిల్ అన్న మాట చెప్పి, ఈసారి వచ్చినప్పుడు కట్ట మీదికి తీసుకెళ్తా అన్నాను. ఎక్కడలేని హుషారొచ్చింది. “గేట్లెన్ని?” అన్నారు.

“లెక్కపెట్టలేదు నాన్నా.”

“మరి నాలుగేళ్ళ నుంచి ఏం చూస్తున్నావురా అక్కడ?” అని ఫోన్ పెట్టేశారు.