స్పానిష్ యాస మాటలు: ఏ దేశానివి ముందు నేర్చుకోవాలి?

ప్రశ్న (బరంపురం):
ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడుతూ పెరిగినదాన్ని. ఇప్పుడు ఉద్యోగం కోసం స్పానిష్ నేర్చుకుంటున్నాను. క్లయింట్లు మెక్సికో, అర్జెంటీనా వాళ్లు. పుస్తకంలో డబ్బుకి 'దినేరో' అని ఉంది. కాల్‌లో ఒకాయన 'లానా' అన్నారు, ఇంకొకాయన 'ప్లాతా' అన్నారు. రెండూ డబ్బేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (రాయగడ):
డబ్బేనమ్మా. లానా అంటే అసలు ఉన్ని, మెక్సికోలో వాడుకగా డబ్బు. ప్లాతా అంటే వెండి, దక్షిణ అమెరికాలో చాలాచోట్ల డబ్బుకి అదే మాట. స్పెయిన్‌లో 'పాస్తా' అంటారు. అంతకంటే ముఖ్యమైనది 'కొహేర్'. స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి, వస్తువు తీసుకోవడానికి రోజూ వాడతారు. మెక్సికో, అర్జెంటీనాల్లో అది పచ్చి బూతు! 'తొమార్' అనండి, అన్నిచోట్లా చెల్లుతుంది.

జవాబు (సిరోంచ):
మా దగ్గర తెలుగులో మరాఠీ కలిసినట్టే, అక్కడ స్థానిక భాషలు కలిశాయి. 'గ్వాగ్వా' క్యూబాలో బస్సు. చిలీ, పెరూల్లో మాత్రం పసిబిడ్డ, ఆ అర్థం కెచువా భాష నుంచి వచ్చింది. యాస మాటలు ముందు విని అర్థం చేసుకోండి, వాడటం తర్వాత.

బరంపురం:
కొహేర్ సంగతి చెప్పి కాపాడారు, మా పాఠాలన్నీ స్పెయిన్‌వే. మరి 'చంబా'?

రాయగడ:
మెక్సికో, పెరూల్లో పని, ఉద్యోగం. అర్జెంటీనాలో దానికి 'లబూరో' అంటారు, ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ల మాట.