మైనస్ 14 పవర్, రెటీనా ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, ఆగొచ్చా?

ప్రశ్న (చిత్తూరు): మా అమ్మకు 52 ఏళ్లు. చిన్నప్పటి నుంచి సోడాబుడ్డి అద్దాలే, రెండు కళ్లకూ మైనస్ 14. పోయిన వారం ఓసీటీ స్కాన్ (కంటి వెనక పొరలను చూపించే స్కాన్) తీసి, కుడికంట్లో రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే, చూపునిచ్చే పొర) పొరలు విడిపోతున్నాయి, ముందుముందు ఆపరేషన్ పడొచ్చు అన్నారు. ఇప్పుడు తొందర లేదు, మూడు నెలలకు రమ్మన్నారు. అంతవరకూ ఆగితే ఉన్న చూపు పోతుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు (తిరుపతి): నాదీ మైనస్ 13. ఎడమ కంటికి రెటీనా ఊడి ఆపరేషన్ అయింది, అందుకే రాస్తున్నా. మామూలు కంటిగుడ్డు పొడవు 24 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మనలాంటి వాళ్లకు 26 దాటిపోతుంది. వెనక గోడ సాగినంత రెటీనా సాగలేదు, అందుకే పొరలు విడతాయి. ఇది నెమ్మదిగా జరిగేది, కొందరికి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. పలచబడ్డ రెటీనా మీద ఆపరేషన్ చేస్తే నడిమధ్యన రంధ్రం పడే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఆగమనడం నిర్లక్ష్యం కాదు. స్కాన్‌కూ స్కాన్‌కూ చూపు తగ్గుతున్నా, నడిమధ్య భాగం పైకి లేస్తున్నా అప్పుడు ఆలస్యం చేయకూడదు. రంధ్రం పడ్డాక చేస్తే ఫలితం అంత బాగుండదు.

ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల వాన, పక్కనుంచి తెర జారినట్టు నీడ కనిపిస్తే మాత్రం లెక్క వేరు. నాకు కింద మూల నుంచి నీడ లేచింది. దగ్గర్లోని క్లినిక్‌లో చుక్కల మందు రాసి వారం తర్వాత రమ్మన్నారు. నాలుగో రోజుకు ఎదుటి మనిషి ముఖం మాయమైంది. మధ్య భాగం ఊడకముందే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరిగుంటే చూపు ఇంకా మిగిలేది. అలాంటప్పుడు తెల్లారేదాకా కూడా చూడకండి, రెటీనా డాక్టరున్న ఆసుపత్రికే పోండి.

ప్రశ్న: లేజర్ వేయిస్తే సరిపోదా అన్నా? ఆపరేషన్ అయ్యాక కొండకు నడిచొస్తామని అమ్మకు మొక్కు కూడా ఉంది.

జవాబు: లేజర్ అంచుల్లో చిరుగులు పడితే చుట్టూ అతుకు వేయడానికి. పొరలు విడిపోవడానికి అది పనికిరాదు. మొక్కు సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఆపరేషన్‌లో రెటీనాను నొక్కి ఉంచడానికి కంట్లో గ్యాస్ నింపితే, రకాన్ని బట్టి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా ఉంటుంది. తిరుపతి కంటే తిరుమల దాదాపు 700 మీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ గ్యాస్ ఉబ్బి కంటి ప్రెషర్ పెరుగుతుంది, నడిచినా బస్సులో పోయినా అంతే. గ్యాస్ ఉన్నంతకాలం సీసాలో నీళ్లు ఊగినట్టు చూపులో ఒక గీత ఊగుతూ ఉంటుంది. అది పూర్తిగా పోయి, డాక్టరు సరే అన్నాకే కొండెక్కించండి.

మూడు నెలల చెకప్ దాకా రోజూ ఒక్కో కన్ను మూసి, అద్దాలతోనే, గోడమీది దేవస్థానం క్యాలెండర్ గళ్ల గీతలు వంకరగా కనిపిస్తున్నాయేమో చూడమనండి.

ప్రశ్న: ఇప్పుడే చూపించాను. ఎడమ కంటికి గీతలు తిన్నగా ఉన్నాయట. కుడి కంటికి నడిమి గడి లోపలికి కుంగినట్టుందట.

జవాబు: ఇవాళ్టి తేదీ వేసి ఆ వంపు ఎలా ఉందో అమ్మ చేతనే కాగితం మీద గీయించండి. రేపు ఫోన్ చేసి డాక్టరుకు చెప్పండి. వంపు పెరిగినా, మధ్యలో నల్లమచ్చ వచ్చినా, ఎడమ కంటికీ మొదలైనా మూడు నెలల గడువు మరిచిపోయి వెంటనే తీసుకెళ్లండి.