కన్జర్వేషన్ జోన్‌లోని పొలంలో గోదాం కట్టాలంటే ఊరివాళ్ల మాట ఎక్కడ లెక్కలోకి వస్తుంది?

అందరికీ నమస్కారం. ఇబ్రహీంపట్నం వైపు మా నాన్నగారి పేరున రెండెకరాల పట్టా పొలం ఉంది. బోరు ఎండిపోయింది. అక్కడ కూరగాయలకు చిన్న కోల్డ్ స్టోరేజీ, పక్కన గోదాం కట్టాలని ఆలోచన. 2013లో ఆమోదం పొందిన హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) 2031 మాస్టర్ ప్లాన్‌లో చూస్తే మా సర్వే నంబరు కన్జర్వేషన్ జోన్‌లో, అంటే ఎక్కువగా వ్యవసాయానికే ఉంచి కట్టడాలను పరిమితం చేసిన ప్రాంతంలో పడింది.

ఒక మధ్యవర్తి "నాలా కన్వర్షన్ చేయిస్తే చాలు సార్, మిగతాది నేను చూసుకుంటా" అంటున్నాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. నాలా అనేది వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా రెవెన్యూ రికార్డులో మార్చడం. జోన్ మారాలంటే హెచ్‌ఎండీఏలో ల్యాండ్ యూజ్ మార్పు వేరే కదా?

అసలు చిక్కు ఊళ్లో ఉంది. మా పొలం అంచునే చెరువులోకి వెళ్లే కాలువ. 10 హెక్టార్లు దాటిన చెరువు కాబట్టి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు ఎలాగూ వదలాలి, దానికి మేం సిద్ధమే. కానీ లారీలు తిరిగితే బండ్ల బాట పాడవుతుందని, కాలువ పూడుస్తామేమోనని పక్క రైతులు భయపడుతున్నారు. వాళ్ల భయం తప్పనను.

దరఖాస్తుకు ముందే గ్రామసభలో పెట్టించి తీర్మానం తీసుకుంటే హెచ్‌ఎండీఏ దాన్ని పట్టించుకుంటుందా? లేక అభ్యంతరాల నోటీసు పడ్డాకే జనం మాట్లాడాలా? బాట, కాలువ విషయంలో మేమిచ్చే హామీని అనుమతి షరతుల్లోనే రాయించుకునే వీలుందా? ఈ పని స్వయంగా చేయించుకున్నవాళ్లు చెబితే మేలు. ఏజెంట్లు దయచేసి మెసేజ్ చేయొద్దు.