ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మార్చాక, వేడెక్కితే డి గేరు ఆలస్యంగా పడుతోంది

ఒంగోలులో ఇంటి దగ్గరే, టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న మా కారుకు గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పాన్ దించి, ఫిల్టరూ గ్యాస్కెట్టూ మార్చి, కారిన 4 లీటర్లకు బదులుగా మాన్యువల్ సూచించిన ఏటీఎఫ్‌నే 4 లీటర్లు పోశాను. చల్లగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు గానీ, చీమకుర్తి దాకా వెళ్లి వచ్చేసరికి పార్కింగ్ నుంచి డి లోకి వేస్తే రెండు మూడు సెకన్లకు గానీ బండి కదలడం లేదు.

ఇంజను ఆపకుండా, లీవరును అన్ని స్థానాల్లోనూ ఉంచి చూసి, ఆ తర్వాతే డిప్‌స్టిక్ తీశాను. మట్టం హాట్ గీతల మధ్యనే ఉంది. అయితే ఎర్రటి ఆయిల్ నిండా సన్నని బుడగలు కనిపిస్తున్నాయి, నన్ను కలవరపెడుతున్నది అదే. లీకు లేదు, మాడు వాసన లేదు, స్కానర్‌లో లోపాల కోడ్‌లూ లేవు.

పాన్ మళ్లీ దించకుండానే, ఫిల్టర్ మెడ దగ్గరి సీలు గుండా గేర్‌బాక్స్ ఆయిల్ పంపు గాలి పీల్చుకుంటోందో లేదో నిర్ధారించుకునే పద్ధతి ఏమిటో దయచేసి తెలుపగలరా?