‘ది వీల్ ఆఫ్ టైమ్’ ఆగిపోయిన పాపంలో పుస్తకాభిమానులకు వాటా ఉందా?

పదునాలుగో సంపుటం (చర్చ ప్రారంభించినవారు):

రాబర్ట్ జోర్డాన్ రాసిన ఫాంటసీ నవలల ఆధారంగా తీసిన వెబ్ సిరీస్ ‘ది వీల్ ఆఫ్ టైమ్’ మూడో సీజన్ 2025 ఏప్రిల్‌లో ముగిసింది. నెల తిరిగిందో లేదో, దాన్ని ఇక కొనసాగించడం లేదన్న వార్త వచ్చింది. సీజన్‌కు ఎనిమిది చొప్పున మొత్తం 24 ఎపిసోడ్లు తీశారు. పద్నాలుగు పుస్తకాల కథ నాలుగో పుస్తకం దగ్గర నిలిచిపోయింది. అప్పటి నుంచి ఒక నింద పదే పదే వినిపిస్తోంది. పుస్తకాలు చదివినవాళ్లే మొదటి రోజు నుంచి దుమ్మెత్తిపోసి సిరీస్‌ను చంపుకున్నారని, నిజమైన అభిమానులైతే లోపాలను కడుపులో పెట్టుకుని చూసి ఉండేవారని అంటున్నారు. నేను దీన్ని ఒప్పుకోను.

అబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద అమ్మే పాత పుస్తకాల్లో, అట్ట చిరిగిపోయిన మొదటి సంపుటం నాకు దొరికింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ కథతోనే బతికాను. 2007లో రాబర్ట్ జోర్డాన్ చనిపోయినప్పుడు కథ ఇంకా ముగియలేదు. ఆయన భార్య, సంపాదకురాలు కూడా అయిన హ్యారియట్ మెక్‌డూగల్, దాన్ని ముగించడానికి బ్రాండన్ శాండర్సన్ అనే మరో రచయితను ఎంపిక చేశారు. జోర్డాన్ వదిలి వెళ్లిన నోట్సు ఆధారంగా ఆయన 2009, 2010, 2013 సంవత్సరాల్లో చివరి మూడు పుస్తకాలను పూర్తి చేశారు. చెయ్యి మారిందని మొదటి అధ్యాయాల్లోనే తెలిసిపోతుంది. కథానాయకుడి స్నేహితుడు మ్యాట్ నోట హాస్యం అతికినట్టు లేదని మేమంతా గొణుక్కున్నాం, అయినా చివరి పుట దాకా చదివాం. చదివినవాళ్లు ఏ మార్పునూ సహించరన్న ఆరోపణకు ఇంతకంటే వేరే జవాబు అక్కర్లేదు.

మాకు కొరుకుడు పడనిది మార్పు కాదు, కథను నమ్మకపోవడం. మొదటి ఎపిసోడ్‌లోనే, పుస్తకంలో అప్పటికి పెళ్లి కాని పెరిన్ అనే కమ్మరి యువకుడికి లైలా అనే భార్యను సృష్టించి, ట్రోలాక్‌లనే రాక్షసుల దాడి గందరగోళంలో అతని చేతనే ఆమెను చంపించారు. పుస్తకంలో పెరిన్ గొడ్డలికీ సుత్తికీ మధ్య నలిగిపోతాడు. గొడ్డలి చంపడానికి తప్ప మరి దేనికీ పనికిరాదు, సుత్తి చంపగలదు, కొత్త వస్తువునూ చేయగలదు. ఏది పట్టాలో తేల్చుకోవడానికి అతనికి ఎన్నో సంపుటాలు పడతాయి. ఆ మథనాన్ని తెర మీద ఒక్క వేటుతో సరిపెట్టేశారు. సలహాదారుగా ఉన్న శాండర్సన్ కూడా ఈ భార్య ప్రతిపాదనతో ఏకీభవించలేదని తానే చెప్పారు. అలాంటప్పుడు నాబోటి పాఠకుడు నోరు మూసుకుని చూడాలనడం ఏ న్యాయం?

తెలుగు డబ్బింగ్‌లో చూసినదాన్ని:

అయ్యా, మీ బాధ అర్థమైంది. మా తమ్ముడి సంగతి కూడా వినండి. ఇంగ్లీషులో పద్నాలుగు లావుపాటి పుస్తకాలు చదివే ఓపిక వాడికి ఈ జన్మలో రాదు. మేమిద్దరం తెలుగు డబ్బింగ్‌లో సిరీస్ చూస్తుండగా, ఐస్ సెడాయ్‌ల, అంటే కథలోని మంత్రశక్తి గల స్త్రీల, శాఖలకు ఏ రంగు ఎందుకో వెతుకుదామని వాడు ఇంటర్నెట్ తెరిచాడు. వాడికి ఎదురైనవి వివరణలు కావు, తిట్లు. నటీనటుల ఒంటి రంగు మీద రాసినవి కూడా అందులో ఉన్నాయి. వాడు ఫోన్ పక్కన పెట్టి, ‘అక్కా, మనం చూస్తున్నది అంత చెత్తదా?’ అని అడిగాడు. అప్పటిదాకా వాడికి నచ్చుతూనే ఉంది. కొత్తగా గడప తొక్కినవాణ్ణి అలా పంపించేశాక, ఇంట్లో మనుషులు లేరని వాపోతే ఎలాగండి?

పదునాలుగో సంపుటం:

ఒంటి రంగు మీద రాసినవాళ్లను నేను వెనకేసుకు రాను. అది పుస్తకాభిమానం పేరుతో సాగిన వేరే వ్యవహారం. అమ్మా, మీ తమ్ముడికి జరిగింది తప్పే. అయినా సిరీస్ కొనసాగేదీ లేనిదీ తేల్చేది వ్యాఖ్యలు కాదు, పెట్టిన ఖర్చుకు తగినంత మంది చివరి ఎపిసోడ్ దాకా చూశారా లేదా అన్న లెక్క. అంత ఖర్చును పుస్తకం చదివినవాళ్లంతా కలిసినా మోయలేరు.

కట్టె కొట్టె తెచ్చె:

నాది మూడో దారి. తెరకెక్కించేవాడు రామాయణాన్ని ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అని కుదించక తప్పదు. దాన్ని తప్పు పట్టడం వృథా. పీటర్ జాక్సన్ 2001లో టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కథను తెరకెక్కించినప్పుడు టామ్ బాంబడిల్ అనే పాత్రను పూర్తిగా తీసేశారు. చివరి భాగంలో, హాబిట్లనే పొట్టి మనుషులు ఇంటికి తిరిగి వచ్చి తమ సీమ షైర్‌ను దుండగుల నుంచి విడిపించుకునే ఘట్టాన్నీ వదిలేశారు. అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు కానీ, ఆ సినిమాలను మాత్రం వదలరు. ఎందుకంటే తీసివేతలో పోయింది పుస్తకంలో భద్రంగా ఉంటుంది. చేర్పు అలా కాదు. లైలా ఉదంతం రామాయణంలో పిడకల వేట, పైగా ఆ పిడకలతోనే పెరిన్ కథంతా వండారు. అదే జాక్సన్ తర్వాత ఒక్క చిన్న పుస్తకాన్ని మూడు ‘హాబిట్’ సినిమాలుగా సాగదీసినప్పుడు, ఆయన్ను నెత్తిన పెట్టుకున్నవాళ్లే పెదవి విరిచారు. కాబట్టి విధేయత దర్శకుడి మీదా కాదు, పేరు మీదా కాదు.

ఘటోత్కచుడి చుట్టం:

చేర్పే నేరమైతే మన ‘మాయాబజార్’ను ఏం చేద్దాం? వ్యాసభారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడి కూతురు శశిరేఖ ఊసే లేదు. 1957 నుంచి తెలుగువాళ్లు శశిరేఖను గుండెల్లో పెట్టుకున్నారు తప్ప, మూలంలో లేదని ఎవరూ సంతకాలు సేకరించలేదు. మనవాళ్లకు చేతనైన ఉదారత జోర్డాన్ అభిమానులకు ఎందుకు చేతకాదు?

పదునాలుగో సంపుటం:

మంచి ప్రశ్న, రెండు రోజులు ఆలోచించాను. శశిరేఖ కథ సినిమావాళ్లు పుట్టించింది కాదు, అంతకు ముందే జనం నోళ్లలో, నాటకాల్లో నలిగింది. అంతకంటే ముఖ్యం, భారతాన్ని ఎవరైనా తీయవచ్చు. ఒక సినిమా నచ్చకపోతే మరొకటి వస్తుంది. ‘వీల్ ఆఫ్ టైమ్’ హక్కులు ఒక్కరి చేతిలో ఉంటాయి. ఆ ఒక్కరు పాడుచేస్తే మరో ప్రయత్నం చూడటానికి మనం ఉంటామో ఉండమో. ఈ భయం ఊరికే పుట్టలేదు. 2015 ఫిబ్రవరిలో, అమెరికాలో అర్ధరాత్రి దాటాక ఒక కేబుల్ చానల్లో, ముందు చెప్పాపెట్టకుండా ‘వింటర్ డ్రాగన్’ అనే అరగంట చిత్రం ప్రసారమైంది. మొదటి పుస్తకపు ఉపోద్ఘాతాన్ని హడావుడిగా తీసిన ముక్క అది. హక్కుల గడువు ముగిసిపోతున్న వేళ వాటిని నిలుపుకోవడానికే తీశారని చూసినవాళ్లంతా అనుకున్నారు. తనకు తెలియకుండా తీశారని హ్యారియట్ బహిరంగంగానే ప్రకటించారు. ఇది చూసినవాళ్లు తర్వాత వచ్చినదాన్ని భూతద్దంలో చూశారంటే, ఆ తప్పు వాళ్లదేనా?

తెలుగు డబ్బింగ్‌లో చూసినదాన్ని:

మీరు మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్ చూశారా? రూయిడియన్ అనే నగరంలో కథానాయకుడు రాండ్ గాజు స్తంభాల మధ్య ఒక్కో అడుగు వేస్తుంటే, ఒక్కో తరం వెనక్కి వెళ్తూ తన పూర్వీకులు కనిపిస్తారు. ఆ పూర్వీకుల పాత్రలన్నీ రాండ్ వేషం వేసిన నటుడే వేశాడు. ఈటెలు తప్ప మరొకటి తెలియని, అతను పుట్టిన ఐయెల్ జాతి, ఒకప్పుడు ఆయుధం ముట్టనని ప్రమాణం చేసిన సేవకుల సంతానమని అక్కడ తెలుస్తుంది. పుస్తకం చదవని నాకే ఒళ్లు గగుర్పొడిచింది. చదివినవాళ్లు దాన్ని పుస్తకానికి తగిన దృశ్యమని మెచ్చుకున్నారని తర్వాత విన్నాను. మీరు దుమ్మెత్తిపోసిన బృందమే అది తీసింది.

పదునాలుగో సంపుటం:

చూడలేదు. మొదటి సీజన్ చివర, టార్విన్ కనుమ దగ్గర రాండ్ చేయాల్సిన పనిని మరొకరి చేత చేయించినప్పుడు టీవీ కట్టేశాను, మళ్లీ అటు వెళ్లలేదు. నాలుగో పుస్తకంలో రూయిడియన్ అధ్యాయాలను నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఈ శనివారం ఆ ఒక్క ఎపిసోడూ చూసి, ఎలా ఉందో ఇక్కడే రాస్తాను. నింద విషయంలో మాత్రం నా మాట మారదు.

తెలుగు డబ్బింగ్‌లో చూసినదాన్ని:

ఒక్కటే చూస్తే కుదరదు. రెండో సీజన్ నుంచి రండి. తమ్ముడు కూడా మళ్లీ మొదలుపెడతానంటున్నాడు. వాడికి వచ్చే సందేహాలకు మీరు జవాబు చెబుతారా?

పదునాలుగో సంపుటం:

అడగమనండి. లైలా గురించి తప్ప.