అప్‌డేట్: తగ్గి తిరగబెడుతున్న కామెర్లకు కారణం కాలేయం కాదు

హెపటైటిస్ పరీక్షల్లో ఏమీ తేలకపోయినా మా తమ్ముడికి కళ్లు మళ్లీ మళ్లీ ఎందుకు పచ్చబడుతున్నాయని, రక్తహీనత ఎందుకు తగ్గడం లేదని ఇక్కడ అడిగాను. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు. రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్ర రక్తకణాల లెక్క), రక్తపు స్మియర్ (కణాల ఆకారాన్ని మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చేయించమన్న సలహాయే దారి చూపింది.

గుంటూరులో చూసిన హెమటాలజిస్టు (రక్తవ్యాధుల నిపుణులు) దీనిని హెరిడిటరీ స్ఫెరోసైటోసిస్‌గా నిర్ధారించారు. సాధారణంగా ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవించి, ముసలిదయ్యాక ప్లీహం (స్ప్లీన్)లోనూ కాలేయంలోనూ ఉండే మాక్రోఫేజ్‌లకు (పాత కణాలను మింగే కణాలకు) చిక్కుతుంది. దానిలోని ఇనుము తిరిగి ఎముక మజ్జకు చేరుతుంది, హిమోగ్లోబిన్‌లోని హీమ్ భాగంలో మిగిలినది బిలిరుబిన్ అనే పసుపు పదార్థంగా మారి పైత్యరసంతో బయటకు పోతుంది. తమ్ముడి కణాలు పుట్టుకతో వచ్చిన పొర లోపం వల్ల గుండ్రంగా మారి, ప్లీహంలోని ఇరుకు సందుల గుండా వంగి వెళ్లలేక, ఆయుష్షు తీరకముందే నాశనమవుతున్నాయి. అలా ఎక్కువైన బిలిరుబిన్ వల్లే కళ్లు పచ్చబడుతున్నాయి. ఆక్సిజన్ కొరతను గ్రహించిన మూత్రపిండాలు ఎర్ర రక్తకణాల తయారీని ప్రేరేపించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను పెంచడంతో మజ్జ కొత్త కణాలను వేగంగా పంపుతోంది. రెటిక్యులోసైట్లు అంత ఎక్కువగా కనిపించింది అందుకే.

పసరు మందుకూ, ఉప్పూ నూనే లేని పథ్యానికీ ఈ జబ్బుతో సంబంధమే లేదు. ఫెరిటిన్ (ఒంట్లోని ఇనుము నిల్వను చూపేది) సరిగానే ఉండటంతో ఐరన్ మాత్రలు కూడా ఆపించారు. ప్రస్తుతం ఫోలిక్ యాసిడ్ ఇస్తూ, పిత్తాశయంలో రాళ్ల కోసం స్కానింగ్ చేయిస్తున్నారు. ప్లీహం తొలగించాల్సిన అవసరం ఇప్పటికైతే లేదన్నారు. వంశపారంపర్యం కనుక నాన్నగారికీ పరీక్ష చేయగా, ఆయనకూ స్వల్పంగా ఉన్నట్టు తేలింది.