కారు స్మార్ట్ కీ బ్యాటరీ ఇంత త్వరగా ఎందుకు అయిపోతోంది?

మా కారు బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే రకం. దాని తాళంచెవిలో వేసే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ ఏడాదికి పైగా రావలసి ఉండగా, ఐదు నెలలు తిరగకుండానే డాష్‌బోర్డుపై హెచ్చరిక కనిపిస్తోంది. బీరువాలో ఉండే రెండో తాళంచెవికి ఈ ఇబ్బంది లేదు.

సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యం గల బ్యాటరీ ఐదు నెలల్లో ఖాళీ అవుతోందంటే, సగటున 60 మైక్రో ఆంపియర్ల కరెంటు నిరంతరం ఖర్చవుతున్నట్లే. ఊరికే ఉన్న తాళంచెవికి ఇది చాలా ఎక్కువ. మేము దానిని తగిలించే గోడకు అవతలే కారు నిలుపుతాము కనుక, కారు పంపే తక్కువ పౌనఃపున్యపు సంకేతాలకు అది మాటిమాటికీ మేల్కొని బదులిస్తోందేమోనని నా ప్రధాన అనుమానం. రబ్బరు బటన్ లోపల నొక్కుకుపోయి ఉండవచ్చు, లేదా చెమట వల్ల సర్క్యూట్ బోర్డుపై తేమ చేరి కరెంటు లీకవుతూ ఉండవచ్చు. నకిలీ బ్యాటరీ అనుకుందామంటే, రెండు తాళంచెవులకూ ఒకే ప్యాకెట్టులోవే వేశాము. సర్వీసు సెంటరు వారు మాత్రం ఏమీ పరీక్షించకుండానే కొత్త తాళంచెవి కొనమంటున్నారు, దాని ధర వింటే గుండె గుభేలుమంటుంది.

తాళంచెవి నిద్రావస్థలో తీసుకునే కరెంటును మామూలు మల్టీమీటరుతో నమ్మకంగా కొలవడం ఎలాగో, దానిని కారుకు ఎంత దూరంలో ఉంచాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.